ఉప్పుగాలిలో తిరిగిన బండి: పాత డీజిలు పికప్ కొనువారికి కొన్ని మెలకువలు

నెల్లూరు జిల్లా సముద్రతీర గ్రామములలో వరి వేయు రైతుకును, రొయ్యల చెరువులు గల రైతుకును చిన్న డీజిలు పికప్ బండితో పని పడుచున్నది. విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు, అల్లూరు మండలములలో ఏ ఊరికి పోయినను మహీంద్రా బొలేరో పికప్పో, టాటా ఏసో, అశోక్ లేలాండ్ దోస్తో కంటబడుచుండును. కొత్త బండి ధర అందరికిని అందునది కాదు. అందుచేత పాత బండి కొరకు వెదకువారు పెక్కుమంది కలరు. ఒక కారు పంట డబ్బును, ఒక్కొక్కచో ఇల్లాలి నగలు కుదువబెట్టి తెచ్చిన అప్పును ఒక పూటలో జరుగు బేరమున పెట్టుచున్నారు.

రైతు సోదరులారా! ఎడ్లజతను కొనునపుడు మన పెద్దలు ఎంత జాగ్రత్త పడుదురో మీకు తెలియును. నోరు తెరచి పండ్లు చూచెదరు. గిట్టలెత్తి చూచెదరు. కాడి కట్టి నాలుగు చాళ్లు దున్నించి గాని మాట ఇయ్యరు. బండి విషయమున మాత్రము రంగు బాగున్నదా, సీటు కవరు కొత్తదా అని చూచి, సెల్ఫు కొట్టగానే ఇంజను లేచినచో చాలునని బయానా ఇచ్చుచున్నారు. ఇంజను చెడినచో విప్పి బాగుచేయించవచ్చును. అడుగున ఛాసిస్ తుప్పు తిన్నచో ఇక ఆ బండి లేనట్లే. కావున మన తీరమున మొదట చూడవలసినది ఇంజను కాదు, బండి అడుగు. అది ఇంతకుముందు ఏ సరకు మోసినదో తెలిసికొనిన తరువాతనే ధర మాట ఎత్తవలెను.

బండి నిజముగా అవసరమేనా?

బండి చూచుటకు పోకమునుపు ఇంటివద్ద ఒక లెక్క వేయుడు. 4 లక్షల రూపాయలకు బండి కొని, 5 సంవత్సరములు వాడి, 2 లక్షలకు అమ్మితిమనుకొందము. అరుగుదల ఏటికి 40,000. నూటికి 12 చొప్పున వడ్డీ 48,000. ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్, పన్ను, మరమ్మతులు కలిపి 60,000 అనుకొన్నచో, బండి ఇంటిముందు కదలక నిలిచియున్నను ఏటికి 1,48,000 ఖర్చు. బాడుగ బండికి ఒక తడవకు 1,500 ఇచ్చుచు, సొంతబండికి డీజిలు, డ్రైవరు కూలి కలిపి 700 అగుచున్నచో తడవకు మిగులునది 800. ఈ లెక్కన ఏటికి 185 తడవలు తిరిగినగాని సొంతబండి గిట్టదు. ఈ అంకెలు మాదిరికి మాత్రమే. మీ ఊరి బాడుగలు వేసి మీరే లెక్క కట్టుకొనవలెను. అయిదారెకరముల వరి మాత్రమే గల రైతుకు ఈ లెక్క కుదురుట కష్టము. ఇద్దరు ముగ్గురు అన్నదమ్ములు కలిసి వాడుకొన్నను, చెరువులకు దినము విడిచి దినము మేత తోలవలసి యున్నను కుదురవచ్చును.

బండి పరిమాణము కూడ ముందే తేల్చుకొనవలెను. మన జిల్లాలో పుట్టి యనగా 850 కిలోల ధాన్యము. 2005లో వచ్చిన టాటా ఏస్ ముప్పాతిక టన్ను తరగతి బండి. దానికి ఒక్క పుట్టియే అధిక భారము. 1,700 కిలోలు మోయు బొలేరో పికప్ రెండు పుట్లకు సరిపోవును. అమ్మువారు "మూడు పుట్లు వేసినా లాగుతుంది" అని గొప్పగా చెప్పినచో ఆ మాటను మెచ్చుకొనక, గుర్తుపెట్టుకొనుడు. మూడు పుట్లు లాగిన బండి కమాన్ కట్టలు, వెనుక హౌసింగు ఏ స్థితిలో నుండునో ఊహించవచ్చును.

ఏమి మోసినది?

బండి అమ్మువానిని అడుగవలసిన మొదటి ప్రశ్న ఎన్ని కిలోమీటర్లు తిరిగినదని కాదు. ఎద్దు నోటిలోని పండ్లను ఎవరును మార్చలేరు గాని, బండి మీటరును మార్చగలవారు కలరు. "ఇన్నాళ్లు దీనిలో ఏమి తోలినారు?" అని అడుగుడు. కూరగాయలు, ధాన్యము, సిమెంటు తోలిన బండి ఒక తీరు. రొయ్యలు, చేపలు, ఉప్పు తోలిన బండి మరియొక తీరు.

వనామి రొయ్య మన దేశమున 2009లో అనుమతింపబడిన తరువాత ఈ తీరమున చెరువులు విస్తరించినవి. పట్టుబడి దినమున రొయ్యలను ట్రేలలో ఐసు వేసి తోలుదురు. ఐసు కరగిన నీరు చెరువు ఉప్పుతో కలిసి తొట్టి రేకు సందులనుండి దారి పొడవునను ఛాసిస్ మీదికి కారుచుండును. మంచినీటి తడియైనచో ఎండకు ఆరును, తుప్పు నిదానించును. ఉప్పుతడి అట్టిది కాదు. నీరు ఆరినను ఉప్పు ఇనుమును అంటుకొనియే యుండి, రాత్రి గాలిలోని చెమ్మను పీల్చి మరల తడియగును. చౌడునేలపై తెల్లని పొర వేకువజామున చెమ్మగిల్లి యుండుట మీరెరిగినదే. బండి అడుగునను అదియే జరుగుచున్నది. పైగా ఇనుముపై నుండు సన్నని రక్షక పొరను ఉప్పులోని క్లోరైడు ఛేదించును. అందుచే తుప్పు పైపైన పరచుకొనక గుంటలు గుంటలుగా లోనికి దిగును. రంగు క్రింద అంగుళము మేర చెడియున్నను పైకి సూదిమొన యంతయే కనబడవచ్చును.

కావున పగటివేళ, గట్టి నేలపై, పాత గోనెపట్టా పరచుకొని బండి క్రింద పడుకొని చూడవలెను. బట్టలు మాసిపోవునని సంకోచించువారికి పాత బండి బేరము తగదు. ఒక స్క్రూడ్రైవరును, చిన్న సుత్తిని, టార్చిలైటును వెంట తీసికొని పొండు. ఛాసిస్ రెండు పట్టెల పొడవునను సుత్తితో మెల్లగా తట్టుచు పొండు. గట్టి ఇనుము గణగణ మ్రోగును. తుప్పు తిన్నచోట మొద్దుగా పలుకును. ముఖ్యముగా వెనుక కమాన్ కట్టలు తగులుకొని యుండు బ్రాకెట్ల చుట్టును, తొట్టిని ఛాసిస్‌కు బిగించిన బోల్టుల వద్దను, అడ్డకమ్మీల అతుకుల వద్దను చూడవలెను. కారిన ఉప్పునీరు నిలుచు చోటులు ఇవియే. అడుగంతయు కొత్తగా నల్లరంగు పూసియున్నచో సంతోషించుటకు మారుగా అనుమానించుడు. గోకి చూచుటకు అమ్మువాడు ఒప్పుకొననిచో అక్కడితో బేరము చాలించి ఇంటికి రావచ్చును.

తొట్టి రేకు పుచ్చినచో భయపడనక్కరలేదు. రేకు మార్చవచ్చును, దాని ఖర్చు ధరలో తగ్గించుకొనవచ్చును. ఛాసిస్ పట్టెపై అతుకు వేసి వెల్డింగు చేసియున్నచో మాత్రము ఎంత చౌకకైనను తీసికొనరాదని నా అభిప్రాయము. రెండు పుట్ల ధాన్యముతో కాలువగట్టుపై పోవునపుడు ఆ అతుకు విడినచో నష్టము డబ్బుతో పోదు.

బ్రేకు గొట్టములు, డీజిలు గొట్టములు ఇనుపవైనచో వాటిపై పొక్కులున్నవేమో వ్రేలితో తడవి చూడవలెను. బ్యాటరీ నుండి ఛాసిస్‌కు పోవు ఎర్తు తీగ చివర పచ్చని పొడి పట్టియున్నచో ఉప్పు విద్యుత్తు భాగములకు ప్రాకినదని అర్థము. నేటి బండ్లలో ఇంజనును నడపునది కంప్యూటరు పెట్టె గనుక, కారణము తెలియక మాటిమాటికి ఆగిపోవు బండ్లలో కొన్నిటికి మూలము ఈ పచ్చపొడియే.

వరదలో మునిగిన బండ్లు

ఉప్పు తరువాత మన ప్రాంతపు రెండవ శత్రువు వరద. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద పడుగుపాడు వద్ద రైలుకట్టను, కోవూరు ప్రాంతమున జాతీయ రహదారిని కోసివేసిన సంగతి ఎవరును మరువలేదు. మనకు దగ్గరి పెద్ద నగరమగు చెన్నపట్టణము 2015 డిసెంబరులోను, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానునాడును నీటమునిగినది. అట్టి వరదలలో మునిగిన బండి కడిగి, తుడిచి, రంగు వేసినచో చూపునకు ఏ లోపమును లేనట్లే యుండును.

గుర్తుపట్టుటకు కొన్ని ఉపాయములున్నవి. సీటు బెల్టును చివరివరకు బయటికి లాగి చూడుడు. చుట్టలోపల నున్న భాగముపై బురద చార కనబడును. సీటును బిగించు బోల్టులు తుప్పుపట్టి యుండుట, డ్యాష్‌బోర్డు క్రింది తీగల చుట్టలలో సన్నని ఒండ్రు, హెడ్‌లైటు అద్దములోపల నీటి గీత, వర్షము లేని దినమున కూడ క్యాబినులో ముక్కవాసన, ఇవన్నియు సాక్ష్యములే. వెనుక హౌసింగు నూనె ప్లగ్గు విప్పించి ఒక చుక్క చూడుడు. మజ్జిగవలె తెల్లబారి యున్నచో లోనికి నీరు పోయినదని తెలిసికొనవలెను.

ఇంజను పరీక్ష

ఇంజను చూచుటకు తెల్లవారగానే పోవలెను. తాము వచ్చువరకు బండిని కదలింపవద్దని ముందురోజే చెప్పి, పోయిన వెంటనే బానెట్టు తెరచి ఇంజనుపై చేయి పెట్టి చూడుడు. వెచ్చగా నున్నచో ముందే వేడిచేసి ఉంచినారన్న మాట. చల్లబడిన డీజిలు ఇంజను తన రోగములను దాచుకొనలేదు.

గేజిపుల్ల తీసి నూనె చూడుడు. డీజిలు ఇంజను నూనె నల్లగా నుండుట సహజము, దానికి వెరువరాదు. తెల్లబారినచో మాత్రము నీరు కలిసినది. రేడియేటరు మూత తెరచినపుడు (చల్లగా నున్నపుడే తెరవవలెను) పైన నూనెతెట్టు తేలుచున్నను అదే సూచన. ఇంజను లేచిన తరువాత నూనె పోయు మూతను విప్పి దానిపై ఊరక బోర్లించుడు. కొద్దిగా అదరుట మామూలు. పొగతో కూడిన ఊపు మూతను ఎగదన్నుచున్నచో రింగులు అరిగినవి; పెద్ద ఖర్చు దగ్గరలోనే యున్నది.

పొగ రంగు కూడ కొంత చెప్పును. లాగునపుడు నల్లపొగ దట్టముగా వచ్చుచున్నచో ఎయిర్ ఫిల్టరో, ఇంజెక్టర్లో చెడినవి. నీలిపొగ ఇంజను నూనె కాలుచున్నదనుటకు గుర్తు. ఇంజను వేడెక్కిన పిమ్మటను తెల్లపొగ ఆగనిచో రేడియేటరు నీరు లోపలికి చేరుచున్నదేమో పరీక్షింపవలెను. కిరోసిను కలిసిన డీజిలు పోసిన బండి అయినచో మరింత జాగ్రత్త కావలెను. డీజిలు ఇంధనము మాత్రమే కాదు, అధిక పీడనపు పంపునకు అదియే కందెన కూడ. కల్తీవలన పంపు అరిగి, ఆ ఇనుపరజను ఇంజెక్టర్లలోనికి పోవును. దీని మరమ్మతు చిన్న రైతుకు తగులదగిన దెబ్బ కాదు.

దేశమంతటను 2017 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.-4, 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.-6 ప్రమాణములు అమలులోనికి వచ్చినవి. బి.ఎస్.-6 డీజిలు పికప్ బండ్ల సైలెన్సరు మార్గమున మసిని పట్టు జల్లెడ యుండును. బండి పెద్దరోడ్డుపై కొంతసేపు వేగముగా తిరిగినపుడే ఆ మసి కాలిపోవును. చెరువుగట్టు నుండి ఊరికి, ఊరినుండి గట్టుకు రెండేసి కిలోమీటర్లు తిరుగు బండిలో అది మూసికొనిపోవును. కావున అట్టి బండిని చూచునపుడు డ్యాష్‌బోర్డుపై హెచ్చరిక దీపములు తాళము త్రిప్పగానే వెలిగి, ఇంజను లేవగానే ఆరుచున్నవా యని చూడవలెను. అసలే వెలుగనిచో బల్బును పీకివేసిరని అనుమానింపవలెను. ఊరిలోనే తిరుగు పనికి, అడుగు గట్టిగా నున్నచో, బి.ఎస్.-4 బండియే తేలికయని నేను తలచుచున్నాను.

ఇక బండిని స్వయముగా తోలి, లేదా తోలించి చూడవలెను. వీలైనచో పది బస్తాలు వేసికొని నడుపుడు. మూడవ గేరులో పోవుచు యాక్సిలరేటరు వదలినపుడు గేరు దానంతట అది జారినచో గేరుపెట్టె అరిగినది. టైర్లు ఒక వైపే అరిగియున్నచో ముందు ఇరుసో, ఛాసిసో వంగియుండవచ్చును. టైరు ప్రక్కన నాలుగంకెల ముద్ర యుండును. 2319 అని యున్నచో అది 2019వ సంవత్సరపు 23వ వారమున తయారైనది. గాడి లోతుగా నున్నను రబ్బరు ముదిరినచో మన వేసవి రోడ్లపై అది నిలువదు. మెకానిక్కును తప్పక వెంట తీసికొని పొండు. అతడు అమ్మువాడు చూపిన మెకానిక్కు మాత్రము కారాదు.

కాగితములు

ఆర్.సి.లోని ఛాసిస్ నంబరును, ఇంజను నంబరును బండిపై కొట్టియున్న అంకెలతో ఒక్కొక్కటిగా సరిచూడవలెను. పైన కాగితము పెట్టి పెన్సిలుతో రుద్దినచో అచ్చు వచ్చును. నంబరు ప్లేటు ఏపీ 26 అయినచో అది 2019కి ముందు మన జిల్లాలో నమోదైన బండి. ఆ సంవత్సరమునుండి రాష్ట్రమంతటికి ఏపీ 39 అను ఒకే వరుస వచ్చినది. తమిళనాడు బండియైనచో అక్కడి రవాణా కార్యాలయమునుండి 28వ ఫారము అనగా నిరభ్యంతర పత్రము లేనిదే బయానా ఇయ్యరాదు. ఫైనాన్సు బాకీ ఆర్.సి.లో చూపబడియున్నచో బాకీ తీరినదను కంపెనీ పత్రమును, 35వ ఫారమును కావలెను. "వాయిదాలు రెండే ఉన్నాయి, మీరు కట్టుకోండి" అను మాటను నమ్మి బండి తెచ్చుకొన్నచో, కోతల నడుమ కంపెనీవారు వచ్చి ధాన్యము దింపించి బండిని తోలుకొనిపోవు ప్రమాదమున్నది. పరివాహన్ వెబ్‌సైటులో నంబరు కొట్టి ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు గడువులను, ఈ-చలానాల బాకీని ఇంటివద్దనే చూచుకొనవచ్చును.

రవాణా బండికి 8 సంవత్సరములవరకు రెండేండ్లకొకసారి, ఆ తరువాత ఏటేటను ఫిట్‌నెస్ చేయించవలెను. 15 సంవత్సరములు దాటిన బండ్లకు ఈ రుసుములు 2022 ఏప్రిల్ నుండి బాగుగా పెరిగినవి. చౌకగా వచ్చినదని పదునాలుగేండ్ల బండిని కొనువారు ఈ సంగతి గమనింపవలెను. మొత్తము బరువు 3,000 కిలోలకు మించని సరకుబండికి పర్మిట్టు అక్కరలేదు, మించినదానికి కావలెను. ఆ అంకె ఆర్.సి.లో నుండును.

యాజమాన్యపు మార్పిడికి 29, 30 ఫారములు. రాష్ట్రములోపల నైనచో అమ్మినవాడు 14 దినములలోను, కొన్నవాడు 30 దినములలోను రవాణా కార్యాలయమునకు తెలుపవలెను. ఇన్సూరెన్సు మార్పిడికి కొన్నవాడు 14 దినములలో దరఖాస్తు చేయవలెను. దళారులు కొందరు సంతకము చేసిన ఖాళీ ఫారములను చేతులు మార్చుచు, పేరు మార్చకయే బండిని ముగ్గురు నలుగురికి అమ్ముచున్నారు. 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్, విజయ్ కుమార్ల కేసులో ఇట్లు చేతులు మారిన బండి వలన జరిగిన ప్రమాదమునకు, రిజిస్టరులో ఎవరి పేరున్నదో ఆ వ్యక్తియే పరిహారమునకు బాధ్యుడని తీర్పు చెప్పినది. కావున పాత బండి అమ్ముకొను రైతు కూడ ఈ విషయమును అశ్రద్ధ చేయరాదు.

బేరము

బేరమనగా గట్టిగా మాటలాడుట యని కొందరి అభిప్రాయము. ఇటీవల నెల్లూరులో ఒక రైతు చేసిన బేరము వేరు తీరున నడిచినది. వ్యాపారి చెప్పిన ధర 4,20,000. రైతు ఎదురు ధర చెప్పక, మెకానిక్కు చెప్పుచుండగా చిన్న పుస్తకములో వ్రాసికొనుచు కూర్చుండెను. వెనుక టైర్లు రెండు 14,000. బ్యాటరీ 6,500. క్లచ్చి సెట్టు 12,000. తొట్టి రేకు 9,000. రెండు నెలలలో ముగియు ఫిట్‌నెస్‌కు ముందు చేయింపవలసిన పనులు 8,500. వెరసి 50,000.

వ్యాపారి విసుగుతో, "ఇంకేం చూస్తావన్నా, బండి బంగారం!" అనెను.

"బంగారమే అన్నా, టైర్లు అరిగిన బంగారం. ఇదిగో, నువ్వే చదువు" అని రైతు పుస్తకమును అతని చేతికిచ్చెను.

వ్యాపారి టైర్ల ధరపై వాదించెను గాని మిగిలినవాటిని కాదనలేకపోయెను. ఆ తరువాతనే రైతు 3,55,000 అని తన మాట చెప్పెను. సాయంకాలమునకు 3,72,000 వద్ద బేరము తెగినది. గమనింపదగిన సంగతి యేమనగా, అతడు బండిని నిందింపలేదు. అమ్మువాని మానమునకు భంగము కలిగినచో తగ్గింపదలచిన ధరను కూడ తగ్గించడు.

బేరమునకు ఒంటరిగా పోరాదు, పదిమందితోను పోరాదు. ఇంటివద్దనే పై ధరను నిర్ణయించుకొని, దానిని మీ వెంట వచ్చినవారిలో ఒకరికి మాత్రము చెప్పియుంచుడు. కోతలు మొదలైన తరువాత బండికొరకు తిరుగువారికి ధర తగ్గదు. కోతలు ముగిసి బండ్లకు పనిలేని దినములు మేలు. బయానా కొద్దిగా ఇచ్చి, బండి నంబరు, ఒప్పుకొన్న ధర, కాగితములు ఇయ్యవలసిన తేదీ, ఇయ్యనిచో బయానా తిరిగి ఇచ్చెదనను మాట వ్రాయించి సంతకము తీసికొనుడు. మిగత పైకము బ్యాంకు ద్వారా చెల్లించుడు. 2 లక్షలు గాని, అంతకు మించి గాని ఒక లావాదేవీలో నగదుగా పుచ్చుకొనరాదని 2017 ఏప్రిల్ నుండి ఆదాయపుపన్ను చట్టములో నిషేధమున్నది. వ్యాపారి నగదే కావలెనన్నచో ఈ సంగతి గుర్తుచేయవచ్చును.

కొన్న తరువాత

బండి ఇంటికి వచ్చిన వారములోనే ఇంజను నూనె, డీజిలు ఫిల్టరు మార్పించుడు. అడుగును తీగబ్రష్షుతో గీకించి, పూర్తిగా ఆరిన తరువాతనే తుప్పు నిరోధక పూత వేయించవలెను. తుప్పు పైననే పూసిన పూత తుప్పును కాపాడును గాని ఇనుమును కాదు. ఎర్తు తీగ చివరలను గరుకు కాగితముతో రుద్ది, బిగించి, గ్రీజు పూయుడు. తొట్టి మూలలయందు నీరుపోవు రంధ్రములు మట్టితో మూసికొనకుండ చూచుకొనుడు. రొయ్యలు తోలిన దినమున ఎంత ప్రొద్దుపోయినను ఆ రాత్రియే అడుగును నీటితో కొట్టి కడుగవలెను. చెరువుగట్టు బోరునీరు పెక్కుచోట్ల ఉప్పనిది గనుక, దానితో కడిగినచో కడుగనట్లే. ఊరిలోని మంచినీటి బోరువద్దకు బండిని తెచ్చి కడుగుడు.